కొత్త ఇండియానా జోన్స్ రైడ్: గుడిలోని ఆ జీవి ‘ఈకల పాము’ అయితే మీకు ఓకేనా?

టాంపా_శారద
ఓర్లాండో డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో డైనోసార్ రైడ్ 2026 ఫిబ్రవరి మొదట్లో మూసేశారు కదా. ఆ చోట ‘ట్రాపికల్ అమెరికాస్’ అనే కొత్త భాగం వస్తోంది, 2027లో తెరుస్తామన్నారు. అందులో సినిమాల్లో పాత గుళ్ళలో సాహసాలు చేసే ఇండియానా జోన్స్ పేరుతో రైడ్ ఒకటి. దాని కథ గురించి 2024 ఆగస్టులో డిస్నీ చెప్పింది రెండే ముక్కలు: మధ్య అమెరికాలోని మాయా అనే ప్రజలు కట్టిన, చెక్కుచెదరని ఒక గుడి దొరికింది, దాని లోపల ఏదో పురాణ జీవి ఉందని జోన్స్ చెవిన పడింది.

ఇక పుకార్లే పుకార్లు. ఆలు లేదు చూలు లేదు, అప్పుడే కొడుకు పేరు కుకుల్కాన్ అని పెట్టేశారు మనవాళ్ళు. కుకుల్కాన్ అంటే మాయా ప్రజల దేవుడు, ఈకల పాము. మెక్సికోలోని చిచెన్ ఇట్జాలో పెద్ద పిరమిడ్ ఆయనదే. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన ఇంకొకటి, మొత్తం 365. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో, సాయంత్రపు ఎండకు మెట్ల పక్క గోడ మీద పాము దిగి వస్తున్నట్టు నీడ పడుతుంది.

నాకు నచ్చనిది పుకారు కాదు. అందులో ఆ దేవుడు మన జీపు వెంట పడి తరిమే భూతం కావడం. మీరేమంటారు?

వంశీ_రైడ్స్
అక్కా, నాకైతే డబుల్ ఓకే. జీపు మలుపు తిరగ్గానే చీకట్లో ఆకుపచ్చ ఈకలతో పాము పడగ విప్పితే ఎలా ఉంటుందో ఊహించండి! పాత డైనోసార్ రైడ్, కాలిఫోర్నియా ఇండియానా జోన్స్ రైడ్ రెండూ ఒకే రకం బండ్లతో నడిచాయి. ఆ కుదుపులకి, ఆ మలుపులకి పాముని మించిన జీవి ఏముంది? గబ్బిలం రూపంలో ఉండే కమజోట్స్ అని కూడా కొందరంటున్నారు. ఏదైనా భయపెట్టాలి, అంతే. టికెట్ కొనుక్కుని వెళ్ళేది థీమ్ పార్కుకి, గుడికి కాదు.

భాస్కర్_డాలస్
ముందుగా ఒక మాట. ఈ పార్కు విషయంలో పుకార్లని నమ్మి నేను చాలా ఏళ్ళు ఎదురుచూశాను.

1998 ఏప్రిల్ 22న పార్కు తెరిచినప్పుడు ప్రారంభ ఫలకం మీదే మూడు రకాల జంతువులని రాశారు: నిజమైనవి, పురాతనమైనవి, ఊహలోనివి. ఊహలోని వాటికోసం ‘బీస్ట్లీ కింగ్‌డమ్’ అని ఒక భాగం అనుకున్నారు. ఒక పక్క డ్రాగన్, ఇంకో పక్క యూనికార్న్ అనే ఒంటికొమ్ము గుర్రం. పార్కు లోగోలో డ్రాగన్‌ని కూడా పెట్టారు. మొదట్లో నది మీద పడవలో వెళ్తుంటే డ్రాగన్ గుహ కూడా కనిపించేది. కానీ అసలు భాగం కట్టనే లేదు. ఏటా ‘ఈసారి ఖాయం’ అనేవాళ్ళు. చివరికి 2017లో ఆ స్థలంలో ‘అవతార్’ సినిమాలోని పండోరా లోకం వచ్చింది.

అందుకే శారదగారూ, పాము అన్నది తేలకముందే మనం కొట్టుకోవడం తొందరేమో. అయితే ఒక్కటి నిజం. డైనోసార్ రైడ్ మూతపడటంతో పార్కులో ‘పురాతనం’ పోయింది, పురాణ జీవికి మళ్ళీ చోటు దొరికింది. నాకు అది సంతోషమే.

టాంపా_శారద
భాస్కర్‌గారూ, తేలాక మాట్లాడితే లాభం ఏముంది? బొమ్మ పోతపోసి నిలబెట్టాక మార్చరు కదా. మాట్లాడాల్సింది ఇప్పుడే. నాకు ఇంత పట్టింపు ఎందుకో చెప్తాను.

కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 1995 నుంచి నడుస్తున్న ఇండియానా జోన్స్ రైడ్ కథ ఎక్కడ జరుగుతుందో చాలామందికి తెలియదు. మన దేశంలోనే, 1930లలో, ఎక్కడో దారితప్పిన డెల్టాలోని గుడిలో. అందులో దేవుడి పేరు మార. సంపద, నిత్య యవ్వనం, భవిష్యత్తు చూసే శక్తి, ఈ మూడింట్లో ఒకటి ఇస్తాడట. కళ్ళలోకి చూస్తే మాత్రం శాపం.

మా అమ్మని తీసుకెళ్ళాను. అమ్మది మాచర్ల. చిన్నప్పుడు స్కూలు వాళ్ళతో లాంచీలో నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్ళొచ్చింది. క్యూలో చాలాసేపు నిలబడ్డాం. వెదురు గడలు, గోడల నిండా రాతలు, పైన ఆ పెద్ద ముఖం. పేరు ఏంటని అడిగింది. చెప్పాను. ‘మారుడా? బుద్ధుణ్ణి చెడగొట్టడానికి సైన్యంతో వచ్చినవాడు కదే? వాడికి గుడి ఎవరు కట్టారు?’ అంది.

నా దగ్గర జవాబు లేదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో మారుడు ఉన్నాడు, ఓడిపోయినవాడుగా ఉన్నాడు. పక్కన ఖాళీ ఆసనమో, బోధివృక్షమో, కదలకుండా కూర్చున్న బుద్ధుడో ఉంటాడు. ఆ కథ అంతా తీసేసి పేరు ఒక్కటే పట్టుకెళ్ళారు. రైడు బాగుంది, అమ్మ కూడా చివర్లో బండరాయి దొర్లి వస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయటికి వచ్చాక మాత్రం మళ్ళీ అదే మాట: ‘మన గురించి వీళ్ళకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరా?’

రేపు గ్వాటెమాలా నుంచో మెక్సికోలోని యుకటాన్ నుంచో వచ్చిన ఒక తల్లి ఆ క్యూలో నిలబడి ఇదే అడగకూడదని నా బాధ. మాయా వాళ్ళు అంతరించిపోయిన జాతి కాదు, లక్షల్లో ఉన్నారు. వాళ్ళ భాషలు ఇళ్ళలో వినబడుతున్నాయి.

నందిని_హ్యూస్టన్
శారదక్క చెప్పింది నిజం. మేము మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్ళినప్పుడు ట్యాక్సీ డ్రైవరు ఎయిర్‌పోర్టు దగ్గర వంతెన కింద ఒక బుల్లి రాతి కట్టడం చూపించాడు. అలుష్ అని చిన్న రూపాల్లో ఉండే జీవులంటే అక్కడివాళ్ళకి నమ్మకం, పొలాలకీ అడవికీ కాపలా ఉంటాయట. వంతెన మాటిమాటికీ కూలుతుంటే వాటికి ఇల్లు కట్టాక నిలిచిందని చెప్పాడు. ఎంత మామూలుగా చెప్పాడంటే, మన ఊళ్ళో పొలిమేరలో పోలేరమ్మ గురించి చెప్పినట్టు.

కిరణ్_మెకట్రానిక్స్
ఎవరిని పెట్టినా, ముందు అది కదులుతుందా అన్నది నా ప్రశ్న. అదే పార్కులో 2006లో తెరిచిన ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ రైడ్ గుర్తుందా? 25 అడుగుల యతి, అంటే హిమాలయాల మంచుమనిషి బొమ్మ, హైడ్రాలిక్స్‌తో రైలు మీదికి చెయ్యి చాచేది. తెరిచిన కొన్నాళ్ళకే ఆగిపోయింది. అప్పటినుంచి కదలని బొమ్మ మీద లైట్లు టకటకా వెలిగించి కదిలినట్టు భ్రమ పుట్టిస్తున్నారు. రూపకర్త జో రోడీ 2013లో ఏదో ఒకరోజు బాగుచేస్తానన్నారు. 2021 మొదట్లో ఆయన రిటైరయ్యారు, యతి అలాగే ఉంది. ‘ఈ ఏడాది రిపేరు’ అన్న పుకారు మాత్రం ఏటా వస్తుంది. పొడవాటి పాముకి కీళ్ళు ఇంకా ఎక్కువ. కొండ లోపల ఇరికించి కట్టేస్తే తర్వాత మనిషి వెళ్ళి విప్పే దారి ఉండాలి. నాకు అదే టెన్షన్.

వంశీ_రైడ్స్
అక్కా, అమ్మగారి మాట చదివి కాసేపు ఆలోచించాను. కానీ ఘటోత్కచుణ్ణి మనం సినిమాల్లో, నాటకాల్లో నవ్వుల పాత్ర చేసుకోలేదా? ఎవరికీ కోపం రాలేదే. కథ అంటే చేతులు మారుతూ మారుతూనే కదా బతుకుతుంది.

టాంపా_శారద
తమ్ముడూ, ఘటోత్కచుణ్ణి మనం నవ్వించుకున్నాం, ఎందుకంటే ఆయన మన ఇంటివాడు. భీముడి కొడుకని, యుద్ధంలో ఎలా పోయాడో చిన్నప్పుడే విన్నాం. ముద్దు చేసినా ఆ బరువు మనకి తెలుసు. అదే గరుత్మంతుణ్ణి ఎవరో బయటివాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోయే పక్షిని చేసి, కింద స్టఫ్డ్ బొమ్మలు అమ్మితే ఎలా ఉంటుంది నీకు?

ఈకల పాము మాయావాళ్ళకి ఏమిటో చూడు. మాయావాళ్ళలో కిచే అనే తెగ పురాణ గ్రంథం ‘పోపోల్ వూహ్’ మొదట్లో భూమి ఇంకా లేదు. నిశ్చలమైన నీళ్ళు మాత్రమే ఉన్నాయి. ఆ నీళ్ళలో ఆకుపచ్చ ఈకలు కప్పుకుని, వెలుగుతూ కుకుమట్స్ ఉంటాడు. వేరే దేవతలతో మాట కలుపుతాడు, ‘భూమి’ అంటారు, భూమి పుడుతుంది. కుకుల్కాన్ అన్నా, ఈయన అన్నా ఈకల పామే. ఆ ఈకలు కెట్సాల్ పిట్టవి, ఆ పిట్ట పేరే ఇవాళ గ్వాటెమాలా డబ్బుకి పెట్టుకున్నారు. ఇలాంటివాణ్ణి చీకట్లో బుసకొట్టించడానికి తీసుకురావాలా?

డిస్నీకి చేతకాదని కాదు నా మాట. కిరణ్ చెప్పిన ఎవరెస్ట్ క్యూనే చూడండి. యతి గురించి చిన్న మ్యూజియమే కట్టారు, పాదముద్రలు, బొమ్మలు, పూజా వస్తువులు. అక్కడ యతి కొండకి కాపలా. మనమే చొరబడ్డాం కాబట్టి కోపం వచ్చింది. రైడు అయ్యాక తప్పు మనదని పిల్లలకి కూడా అర్థమవుతుంది. బొమ్మ ఆగిపోయినా ఆ కథ నిలబడింది. ఇక్కడా అలాగే చెయ్యమనండి. పాము అయినా, అలుష్ అయినా గుడిని కాపాడాలి, జోన్స్ ఏమీ ఎత్తుకెళ్ళకుండా బయటికి రావాలి. ఆ గోడల మీద రాతలు ఉత్త గీతలు కాకుండా మాయా లిపి చదవగలిగినవాళ్ళు రాసినవై ఉండాలి.

వంశీ_రైడ్స్
కాపలా కథ అయితే ఒప్పుకుంటాను అక్కా. కానీ పాము తల తిప్పాలి, నిజంగా తిప్పాలి. లైట్లు టకటకా వెలిగిస్తే నేను ఒప్పుకోను.