గడ్డి కోసే మిషన్ కొనాలి, బ్యాటరీది. కాస్త దారి చూపండి

అందరికీ నమస్కారం. ఈ దేశానికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లూ అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. పోయిన నెల ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ముందూ వెనకా గడ్డి ఉంది, కోయించుకునే పూచీ మాదేనట. దిగిన రోజు చీలమండ దాకా ఉన్న గడ్డి ఇప్పుడు పిక్కల దాకా వచ్చింది. ఎదురుపడితే పలకరించే పక్కింటాయన ఈ మధ్య ముందు మా గడ్డి వంక చూసి, తర్వాత నా వంక చూస్తున్నాడు. పెట్రోలు మిషన్ వాసన, తాడు లాగడం నాకు పడవు. బ్యాటరీది చూద్దామని షాపుకెళ్తే 40 వోల్టులు, 56, 80, ఆంపియర్ అవర్లు, 14 అంగుళాలు, 21 అంగుళాలు అంటూ తల తిరిగిపోయింది. వోల్టులు ఎక్కువ ఉన్నదే తీసుకోమని ఇంట్లో అంటున్నారు. నిజమేనా? నేను జన్మలో గడ్డి కోసినవాణ్ని కాదు.

రీ: గడ్డి కోసే మిషన్

తమ్ముడూ, ముందు షాపు సంగతి పక్కన పెట్టి గడ్డి ఎంతుందో కొలువు. మొత్తం స్థలం కాదు. ఇల్లు, కారు దారి, మొక్కల పాదులు తీసేసి మిగిలిన పచ్చిక మాత్రమే. టేపు లేకపోతే కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి చుట్టూ గీత గీస్తే విస్తీర్ణం చూపిస్తుంది.

ఇప్పుడు వోల్టుల గొడవ. డబ్బా మీద 40 అని ఉన్న బ్యాటరీ ఫుల్ ఛార్జ్ అయిన కాసేపే 40. పని చేస్తున్నప్పుడు సగటున 36. అలాగే 56 అంటే దాదాపు 50, 80 అంటే 72. పెద్ద అంకె కనబడేలా అలా రాస్తారు, అందరూ అదే పని చేస్తారు కాబట్టి తప్పు పట్టీ లాభం లేదు. నువ్వు చూడాల్సింది వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చే వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో మొత్తం ఎంత కరెంటు పడుతుందో ఆ లెక్క. డబ్బా మీది అంకెల లెక్కన 40 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అంటే 200. 80 వోల్టులు, 2.5 ఆంపియర్ అవర్లు అన్నా అదే 200. మీ ఇంట్లోవాళ్ల లెక్కన రెండోది డబుల్ అన్నమాట, కానీ ట్యాంకు రెండింటికీ ఒకటే. బ్యాటరీ వెనక చిన్న అక్షరాల్లో ఆ వాట్ అవర్ల అంకె రాసే ఉంటుంది, తిప్పి చూడు.

ఇంకో మాట. నువ్వు మిషన్ కొంటున్నాననుకుంటావు గానీ నిజానికి ఆ కంపెనీ బ్యాటరీకి కట్టుబడుతున్నావు. రేపు అంచులు కోసే ట్రిమ్మర్, ఆకులు ఊదే బ్లోవర్ కావాలంటే అదే బ్యాటరీ సరిపోయేలా కొనుక్కుంటావు. రెండు కంపెనీలవీ 40 వోల్టులే అయినా ఒకరి బ్యాటరీ ఇంకొకరి మిషన్లో దూరదు. నా మొదటి మిషన్ చవగ్గా వచ్చిందని తీసుకున్నా. మూడేళ్లకు బ్యాటరీ నీరసించింది, కొత్తది కొందామంటే ఆ రకమే ఆపేశారు. బంగారం లాంటి మిషన్, ఇప్పుడు గ్యారేజీలో దాని మీద పాత బట్టలు ఆరేస్తున్నాం. అందుకే ఆ బ్యాటరీతో నడిచే సామాను షాపులో ఒక షెల్ఫ్ నిండా ఉందా, మిషన్ ఒక్కటే ఉందా అన్నది చూసి తీసుకో. గ్యారంటీ కాగితం కూడా చదువు, మిషన్‌కున్నన్ని ఏళ్లు బ్యాటరీకి ఉండవు.

రీ: గడ్డి కోసే మిషన్

అన్నయ్య బ్యాటరీ గురించి అన్నీ చెప్పేశారు, నేను తోయడం గురించి చెప్తా. మా ఇల్లు వాలులో ఉంది. మొదట మామూలు మిషన్ తెచ్చాం, నేను పైకి తోయలేక సగంలో కూర్చునేదాన్ని. నేల ఎగుడు దిగుడుగా ఉంటే తనంతట తాను నడిచే రకం తీసుకో. అందులోనూ వెనక చక్రాలు తిరిగేది. ముందు చక్రాలు తిరిగే దానికి కోసిన గడ్డి పడే సంచి నిండితే బరువు వెనక్కి పడి, ముందు చక్రాలు పట్టు తప్పి ఊరికే తిరుగుతాయి. ఆ నడకకు బ్యాటరీ కూడా కొంత ఖర్చవుతుంది. వాలు మీద పైకీ కిందకీ కాకుండా అడ్డంగా నడు, కాలు జారితే మిషన్ మీదకు రాదు. నేల చదునుగా ఉంటే మాత్రం ఈ హంగు అక్కర్లేదు.

కొన్ని రకాలు పిడి మడిచి నిలువుగా నిలబెట్టచ్చు. పెట్రోలు, ఆయిలు కారవు కాబట్టి చీపురు పక్కన పెట్టినట్టు ఓ మూల పెట్టేస్తా.

రీ: గడ్డి కోసే మిషన్

నేను మాత్రం పెట్రోలే అంటా. ఛార్జింగ్ కోసం ఆగే పని లేదు, అయిపోతే పోసుకుంటే చాలు. కాకపోతే చలికాలమంతా ట్యాంకులో పెట్రోలు వదిలేసి, వసంతంలో తాడు లాగి లాగి భుజం పట్టేసిన మాట కూడా నిజమే. అర ఎకరం లోపైతే బ్యాటరీవాళ్లతో ఇక వాదించను.

రీ: గడ్డి కోసే మిషన్

అందరికీ థ్యాంక్స్. కొలిచాను. చదునైన నేలే, 5000 చదరపు అడుగుల పచ్చిక. ఎన్ని అంగుళాలది తీసుకోవాలి? మరి ఇప్పుడున్న ఈ అడవిని ఎలా కొయ్యాలి?

రీ: గడ్డి కోసే మిషన్

అంటే 550 గజాలు. 21 అంగుళాల వెడల్పున్న మిషన్ అయితే ఒక వరస మీద ఇంకో వరస కాస్త ఎక్కించుకుంటూ పోతే అడుగున్నర కోస్తుంది, మొత్తం కిలోమీటరు నడక. 14 అంగుళాల దాంతో అడుగే కోస్తుంది, కిలోమీటరున్నర అవుతుంది. మలుపులతో కలిపి పెద్దదాంతో అరగంట పని. గేటు సందులో పడుతుందో లేదో చూసుకుని 20, 21 అంగుళాలదే తీసుకో. బ్యాటరీ 200 వాట్ అవర్లకు తగ్గకూడదు, 280 అయితే నిశ్చింత. డబ్బా మీద 45 నిమిషాలు అని రాస్తారు, అది పొడిగా పల్చగా ఉన్న గడ్డికి. వసంతంలో దట్టంగా, తడిగా ఉన్నప్పుడు అందులో సగమే వచ్చినా ఆశ్చర్యపోకు. వేడెక్కిన బ్యాటరీని చాలా ఛార్జర్లు చల్లారేదాకా ముట్టుకోవు, అప్పుడు సగం గొరిగిన తలలా ఉంటుంది లాన్.

ఇక నీ అడవి. ఒక్కసారిలో ఎత్తులో మూడో వంతు కన్నా ఎక్కువ తీయకూడదు. పిక్కల దాకా ఉన్నదాన్ని ఒకేసారి బోడి చేస్తే కింద పసుపు పచ్చ కాడలే మిగులుతాయి, మిషన్ కూడా మూలిగి ఆగిపోతుంది. చక్రాల దగ్గర మీట ఉంటుంది, దాన్ని అన్నిటికన్నా పై మెట్టులో పెట్టి, సగం వెడల్పే కోస్తూ నెమ్మదిగా నడు. అదీ అందనంత ఎత్తుంటే ముందు ట్రిమ్మర్‌తో పైపైన కొట్టు. నాలుగైదు రోజులాగి ఒక మెట్టు దించు. మంచు ఆరాక, ఎండ తాకాకే మొదలెట్టు. మొదటిసారి సంచి తగిలించు, ఆ చెత్త అక్కడే వదిలితే కింది గడ్డి ఊపిరాడక చస్తుంది. తర్వాత వారం వారం కోస్తూ ఉంటే సంచి తీసేసి మల్చింగ్ మూత (గడ్డి సంచిలోకి వెళ్లే దారిని మూసేది) పెట్టెయ్, సన్నని తునకలు అక్కడే కుళ్లి ఎరువవుతాయి.

రీ: గడ్డి కోసే మిషన్

చలికాలం సంగతి ఎవరూ చెప్పలేదు. బ్యాటరీ సగం ఛార్జ్‌తో ఇంట్లో పెట్టు, గడ్డకట్టే చలిలో గ్యారేజీలో వదలకు, సున్నా డిగ్రీల కింద అసలు ఛార్జ్ చెయ్యకు. ఇంకో దేశానికి మారేటప్పుడు బ్యాటరీ విమానంలో తీసుకెళ్లచ్చనుకోకు, 160 వాట్ అవర్లు దాటితే ప్రయాణికుల సామాన్లలో ఒప్పుకోరు. ఛార్జర్ కూడా 120 వోల్టుల దేశానిది 230 వోల్టుల దేశంలో పనికిరాకపోవచ్చు.

రీ: గడ్డి కోసే మిషన్

కోసిన మర్నాడు గడ్డి కొనలు తెల్లగా పీచులా కనిపిస్తే బ్లేడు మొద్దుబారిందన్నమాట, కోయడం లేదు, చింపుతోంది. సీజన్‌కు ఒకటి రెండుసార్లు సాన పట్టించు. బ్లేడు జోలికి వెళ్లే ముందు బ్యాటరీ, మిషన్ తాళంచెవి రెండూ ఊడదీసి జేబులో వేసుకో. ఇది పెట్రోలు బండిలా చప్పుడు చేసి హెచ్చరించదు, మీట తగిలితే చాలు తిరుగుతుంది. కింద అంటుకున్న గడ్డిని పుల్లతో గీకు, పైపుతో నీళ్లు కొట్టకు. మా ఆయన కొట్టాడు.