చవక సీడీల్లో దొరికిన చిన్న థ్రిల్లర్లు నిజంగా మంచివేనా?

బ్రాడీపేట 4వ లైను:
మొన్న ఇక్కడే ఒకరు రాశారు, ఆ రోజుల్లో 30 రూపాయల సీడీలో చూసి ఆహా అనుకున్న థ్రిల్లర్లన్నీ అంతంతమాత్రమేనని, ఏమీ ఆశించకుండా చూశాం కాబట్టి నచ్చాయని. నేనస్సలు ఒప్పుకోను. 2007లో మోజర్ బేర్ అనే సీడీల కంపెనీ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకీ డీవీడీ 34 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టేదాకా మాకు అద్దె సీడీలే దిక్కు. ఒక్క రాత్రికి తెచ్చుకునేది కాబట్టి ఇంటిల్లిపాదీ చూసే పెద్ద హీరో సినిమానే తెచ్చేవాళ్ళం. ధర తగ్గాకే పేరు కూడా వినని సినిమాని ధైర్యంగా కొన్నాం. దానివల్ల ఎక్కువ లాభపడింది థ్రిల్లరే. తెర మీద పెద్ద హీరో ఉంటే అతను చావడని టైటిల్స్ పడేటప్పుడే తెలిసిపోతుంది, ముఖం తెలియని నటుడైతే ఇరవయ్యో నిమిషంలోనే పోవచ్చు, అసలు టెన్షన్ అక్కడే కదా. డబ్బు లేనివాడు ఒక ఇల్లు, నలుగురు మనుషులు, ఒక రాత్రి పెట్టుకుని కథ నడపాలి. స్క్రీన్‌ప్లే బాగా రాసుకోకపోతే దాక్కోవడానికి ఇంకేమీ ఉండదు.

పటమట ప్రేక్షకుడు:
అన్నా, బాగున్నవి థియేటర్లోనే ఆడాయి. 2003లో కొత్త కుర్రాళ్ళతో వచ్చిన 'ఐతే' ఆడింది, జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. 2007లో 'మంత్ర' ఆడింది. ఆడనివి బలం లేక ఆడలేదు. ఇంకో సంగతి, వీసీడీలో బొమ్మ 352 బై 288 చుక్కలే. చీకటి సీను వచ్చిందంటే తెరంతా గళ్ళు గళ్ళుగా అయిపోతుంది. స్కోప్ సినిమాని, అంటే వెడల్పు తెర కోసం తీసినదాన్ని, పాత టీవీకి సరిపెట్టడానికి రెండు పక్కలా కోసేసిన కాపీలు ఎన్ని లేవు? థ్రిల్లర్ అంటే సగం చీకటే. మీరు చూసిందేమిటి, ఊహించుకున్నదేమిటి?

బీసెంట్ రోడ్డు:
సినిమా రెండు సీడీల్లో వచ్చేది కదా, రెండో సీడీ మీద గీత పడి క్లైమాక్స్ దగ్గర ఆగిపోతే ఆ బాధ వేరు. హంతకుడెవరో ఇప్పటికీ తెలియని సినిమా ఒకటుంది నాకు. పేరు కూడా గుర్తు లేదు.

బ్రాడీపేట 4వ లైను:
తమ్ముడూ, బొమ్మ గురించి నువ్వన్నది నిజమే. కెమెరా పనితనం గురించి వీసీడీ చూసి తీర్పు చెప్పకూడదు. కానీ థియేటర్ తీర్పంటావేమిటి? చిన్న సినిమాకి ఊళ్ళో ఒక్క థియేటర్, అందులోనూ మార్నింగ్ షో, వచ్చే శుక్రవారం పెద్ద సినిమా దిగితే అదీ పోతుంది. జనం చూసి వద్దన్నది వేరు, వచ్చిందనే తెలియకపోవడం వేరు.

ఏమీ ఆశించలేదు కాబట్టి నచ్చింది అనే మాట మొదటిసారి చూసినప్పుడు చెల్లుతుంది. రెండోసారి? హంతకుడెవరో తెలుసు, ఎవరు ఎప్పుడు అబద్ధం చెబుతున్నారో తెలుసు. అప్పుడు కూడా మొదటి పావుగంటలో అతను తలుపు గడియ వైపు ఎందుకు చూశాడో అర్థమై ఒళ్ళు జలదరించిందంటే, అది రాసినవాడి గొప్పతనమే. నేను దాచుకున్నవన్నీ అలా రెండోసారి నిలబడినవే. ఇప్పుడు యూట్యూబ్‌లో అవే సినిమాలు ఉచితంగా దొరుకుతున్నాయి, సంతోషమే, కానీ పైన అంటించిన బొమ్మలోనే క్లైమాక్స్ చూపించేస్తారు, కింద కామెంట్లలో హంతకుడి పేరు ఉంటుంది. అట్ట మీద రెండు ముఖాలు తప్ప ఇంకేమీ లేని సీడీకి ఆ గొడవ లేదు.

పటమట ప్రేక్షకుడు:
రెండోసారి పరీక్ష ఒప్పుకుంటాను. కానీ దాచుకున్నవాటి గురించే చెబుతున్నారు, పారేసినవాటి సంగతేంటి?

బ్రాడీపేట 4వ లైను:
పారేసినవే ఎక్కువ. చాలావాటిలో సగానికే దెయ్యమో కలో అని తేల్చేశారు, కొన్నింటిలో హంతకుడు చివరి సీన్‌దాకా కథలోనే లేడు. అవన్నీ చూడబట్టే మంచిది ఒకటి చేతికొచ్చింది. టికెట్టు డబ్బులు పెట్టి అన్నిసార్లు మోసపోవడం మా ఇంట్లో కుదిరే పని కాదు, 28 రూపాయలైతే కుదిరింది.