జాంగోలో మూడు రకాల లాగిన్లు: ఈమెయిల్ ఒకటే అయితే అకౌంట్లు అడక్కుండా కలిపేయొచ్చా?

సాగర్‌నగర్ డెవ్

వైజాగ్‌లో మర్చంట్ నేవీ వాళ్లకి కోర్సులు నడిపే ఒక సంస్థకి పోర్టల్ చేస్తున్నాం. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఇంకా లైవ్‌కి వెళ్లలేదు. వాడేవాళ్లు మూడు రకాలు. కొత్తగా చేరే కుర్రాళ్లకి ఫోన్ నంబరే అన్నీ. ఈమెయిల్ ఉంటుంది గానీ తెరిచి చూడరు. ఓడల మీద పనిచేసే ఆఫీసర్లకి ఈమెయిల్, పాస్‌వర్డ్ అలవాటు. ఆఫీసు స్టాఫ్‌కి సంస్థ డొమైన్ మీద గూగుల్ అకౌంట్లున్నాయి. అందుకని ఓటీపీ, పాస్‌వర్డ్, గూగుల్ మూడూ పెడుతున్నాం.

మూడు బ్యాకెండ్లు, అంటే లాగిన్ సరిచూసే కోడ్ ముక్కలు, రాయడం పెద్ద పనేం కాదు. ఆథెంటికేషన్ బ్యాకెండ్స్ లిస్టులో ఉన్నవాటిని జాంగో వరసగా అడుగుతూ పోతుంది, ఏది యూజర్ని తెచ్చిస్తే అక్కడ ఆగుతుంది. పేచీ వేరే చోట వచ్చింది. ఒకాయన పాస్‌వర్డ్‌తో రిజిస్టర్ అయ్యాడు. కొన్నాళ్లకి అదే ఈమెయిల్ ఉన్న గూగుల్ అకౌంట్‌తో వచ్చాడు. ఇద్దరూ ఒకరేనని మనమే కలిపేయాలా, ఆపి అడగాలా? మా టీమ్ లీడ్ "అడక్కుండా కలిపెయ్, జనానికి చిరాకు" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

గాజువాక కుర్రోడు

అసలు మూడెందుకన్నా? ఓటీపీ ఒక్కటి పెట్టి ఊరుకో. ఈ రోజుల్లో పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? లాగిన్ ఒక్కటే ఉంటే కలిపే తలనొప్పే ఉండదు.

థర్డ్ ఇంజనీర్

కోడింగ్ నాకు రాదు, కానీ ఆ పోర్టల్ వాడాల్సినవాళ్లలో నేనొకణ్ణి. ఓటీపీ ఒక్కటే అంటే మమ్మల్ని గేటు బయట నిలబెట్టినట్టే తమ్ముడూ. ఓడలో శాటిలైట్ వైఫై ఉంటుంది, వాట్సాప్ నడుస్తుంది, వెబ్‌సైట్లు నెమ్మదిగానైనా తెరుచుకుంటాయి. సిమ్‌కి మాత్రం తీరం దాటాక సిగ్నల్ ఉండదు. ఎస్ఎమ్ఎస్ రావాలంటే ఏదో ఒక పోర్టు చేరాలి, రోమింగ్ వేయించుకుని ఉండాలి. నేనైతే సిమ్ ఇంట్లోనే వదిలేసి వస్తాను. ఎక్కడైనా ఓటీపీ అడిగితే మా ఆవిడకి వాట్సాప్ కాల్ చేసి చదవమంటాను. "ఈ ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అనే ముక్కతో సహా చదువుతుంది.

ఎంవీపీ డబుల్ రోడ్

ఓడ దాకా ఎందుకు, ఊళ్లో ఉన్నా అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక మన దగ్గర ఫోన్ల పరిస్థితి ఏంటో ఇక్కడున్న పాతవాళ్లందరికీ గుర్తుంటుంది. అలాంటి రోజున ఎస్ఎమ్ఎస్ ఒక్కదాని మీదే ఆధారపడిన సైట్ మూతపడినట్టే.

ఇంకో రెండు విషయాలు. ఎస్ఎమ్ఎస్ పంపాలంటే పంపేవాళ్ల హెడర్, మెసేజ్ టెంప్లేట్ రెండూ ముందే డీఎల్‌టీలో, అంటే టెలికాం ఆపరేటర్ల రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో, రిజిస్టర్ చేయించాలి. టెంప్లేట్‌కి, మీరు పంపిన మాటలకి పొంతన కుదరకపోతే ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. లైవ్‌కి వెళ్లే ముందు రోజు చూసుకుందాంలే అనుకునే పని కాదిది. రెండోది, నంబరు శాశ్వతం కాదు. ఆపేసిన నంబరుని కనీసం 90 రోజుల పాటు వేరేవాళ్లకి ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టుకి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది. అంటే ఆ తర్వాత ఇవ్వొచ్చు. ఏడాది ఓడ మీదుండి, రీఛార్జి మర్చిపోయి తిరిగొచ్చిన మనిషి నంబరు ఇప్పుడు పెందుర్తిలో ఇంకొకరి జేబులో ఉండొచ్చు. వాళ్లు ఓటీపీ కొడితే ఈయన అకౌంట్ తెరుచుకుంటుంది.

ఓటీపీ వద్దనను. కుర్రాళ్లకి అదే కావాలి. అదొక్కటే అంటే మాత్రం ఒప్పుకోను.

సిరిపురం జంక్షన్

డెవ్ గారూ, మీరు అడిగిన అసలు ప్రశ్నకి వస్తాను. మీ లీడ్‌కి ఇది చెప్పండి.

నాకు మీ పోర్టల్‌లో ఇంకా అకౌంట్ లేదనుకోండి. నా ఈమెయిల్ తెలిసిన ఎవడో దానితో ముందే రిజిస్టర్ అయ్యి, తనకి నచ్చిన పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు. మీరు వెరిఫికేషన్ మెయిల్ పంపారు, నేను పట్టించుకోలేదు, కానీ రికార్డు డేటాబేస్‌లో ఉండిపోయింది. తర్వాత నేను గూగుల్‌తో వస్తాను. ఈమెయిల్ కలిసింది కదా అని నన్ను ఆ పాత రికార్డుకే అతికిస్తారు. నా పాస్‌పోర్టు కాపీ, సీడీసీ (ఓడ ఉద్యోగుల గుర్తింపు పుస్తకం), మార్కుల షీట్లు అన్నీ అందులోకే ఎక్కిస్తాను. వాడి పాస్‌వర్డ్ మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. వాడు నా అకౌంట్‌ని హ్యాక్ చేయలేదు, నేనే వెళ్లి వాడి అకౌంట్‌లో కాపురం పెట్టాను.

దీన్ని ప్రీ-హైజాకింగ్ అంటారు. 2022లో యూజనిక్స్ సెక్యూరిటీ సదస్సులో వచ్చిన పేపర్లో పేరున్న 75 సర్వీసుల్ని పరీక్షిస్తే, కనీసం 35 ఈ కోవలోని ఏదో ఒక దాడికి దొరికిపోయాయి. సోషల్ లాగిన్ల కోసం జాంగో ఆల్‌ఆథ్ అనే ప్యాకేజీ వాడుతుంటే చూడండి, సోషల్ లాగిన్‌లో ఈమెయిల్ చూసి పాత అకౌంట్‌లోకి పంపే సెట్టింగ్ డీఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది. ఊరికే ఆఫ్‌లో పెట్టలేదు.

రుషికొండ హిల్ టూ

నేను సిరిపురం గారితో సగమే ఏకీభవిస్తాను. ఆవిడ చెప్పింది వెరిఫై చేయని ఈమెయిల్ సంగతి. మన వైపు వెరిఫై అయ్యింది, గూగుల్ కూడా వెరిఫైడ్ అంటోంది, అప్పుడు కూడా ఆపి ప్రశ్నలు వేయడం ఎందుకు?

కలపకపోతే ఏమవుతుందో ప్రొడక్ట్ వైపు నుంచి చెప్తాను. ఫీజు ఒక అకౌంట్‌లో కడతాడు, సర్టిఫికెట్ ఇంకో అకౌంట్‌లో వెతుకుతాడు. దొరక్క ఆఫీసుకి ఫోన్ చేస్తాడు. ఫ్రంట్ ఆఫీసులో అమ్మాయి డెవలపర్‌కి ఫోన్ చేస్తుంది. డెవలపర్ అన్నం తింటూ అడ్మిన్ పేజీ తెరిచి, పేరూ పుట్టినరోజూ ఒకటే కదా అని చేత్తో కలిపేస్తాడు. వెరిఫికేషన్ లేదు, లాగ్ లేదు. ఇది మనం రాసే ఆటోమేటిక్ రూల్ కన్నా సేఫ్ ఎలా అయ్యింది? సెక్యూరిటీ పేరుతో తలుపు మూస్తే, జనం సపోర్ట్ నంబరు మీదుగా వస్తారు. అక్కడ కాపలా ఇంకా తక్కువ.

సిరిపురం జంక్షన్

ఆ సపోర్ట్ సంగతి నిజం, కాదనను. కానీ "గూగుల్ వెరిఫైడ్ అంది" అనే మాటలో చిన్న మెలిక ఉంది. అడ్రస్ జీమెయిల్‌ది అయితే దాని మీద గూగుల్ మాటే ఫైనల్. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉన్న సంస్థ డొమైన్ అయితే, లాగిన్ అయ్యాక గూగుల్ పంపే టోకెన్‌లో హెచ్‌డీ (hd) అనే ఫీల్డ్‌లో ఆ డొమైన్ పేరు వస్తుంది, దానితో పాటు వెరిఫైడ్ అని ఉంటే అదీ నమ్మొచ్చు. ఈ రెండూ కానప్పుడు, అంటే యాహూ, రెడిఫ్ అడ్రస్‌తో గూగుల్ అకౌంట్ తెరిచిన సందర్భంలో, వెరిఫైడ్ అంటే ఒకప్పుడు వెరిఫై చేశామని మాత్రమే. ఇప్పుడు ఆ మెయిల్‌బాక్స్ ఎవరి చేతిలో ఉందో గూగుల్‌కీ తెలియదు. ఇది వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. సీనియర్ ఆఫీసర్లలో రెడిఫ్ మెయిల్ ఇంకా వదలనివాళ్లు ఎంతమందో థర్డ్ ఇంజనీర్ గారే చెప్పాలి.

కాబట్టి ఎవరు వచ్చారో గుర్తుపట్టడానికి ఈమెయిల్ వాడకండి. గూగుల్ ఇచ్చే సబ్ (sub) అనే ఐడీ ఉంటుంది, అది మారదు, ఇంకొకరికి ఇవ్వరు. దాన్ని వేరే టేబుల్లో దాచి, అక్కడి నుంచి యూజర్‌కి లింక్ పెట్టండి. రేపు మైక్రోసాఫ్ట్ లాగిన్ కూడా కావాలని క్లయింట్ అడిగితే ఈ జాగ్రత్త ఇంకా అవసరం. 2023లో ఎన్ఓఆథ్ (nOAuth) పేరుతో బయటపడిన లోపం ఇదే. మైక్రోసాఫ్ట్ లాగిన్ల వెనకుండే అజూర్ యాక్టివ్ డైరెక్టరీలో (ఇప్పుడు దాని పేరు ఎంట్రా ఐడీ) తన సంస్థకి అడ్మిన్ అయినవాడు ఈమెయిల్ గడిలో ఎవరి అడ్రస్ అయినా రాసుకోగలిగేవాడు. ఆ గడిని నమ్మి లోపలికి పంపిన సైట్లన్నీ దొరికిపోయాయి.

థర్డ్ ఇంజనీర్

మా చీఫ్ ఇంజనీర్‌ది రెడిఫే. మారమంటే కోప్పడతారు.

కంచరపాలెం కోడర్

వాదన ఎటు తేలినా, మూడు లాగిన్లు పెట్టేవాళ్లు పడే గుంటలు వేరే ఉన్నాయి. ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెప్తా.

జాంగోతో వచ్చే డీఫాల్ట్ యూజర్ మోడల్‌లో, అంటే యూజర్ల టేబుల్ అచ్చులో, ఈమెయిల్ యూనిక్ కాదు (ఒకే అడ్రస్ ఇద్దరికి ఉండొచ్చు), ఖాళీగా కూడా ఉండొచ్చు. దాని మీద ఈమెయిల్ బ్యాకెండ్ రాస్తే, ఒకే అడ్రస్‌తో ఇద్దరు దొరికిన రోజున లాగిన్ పేజీయే కూలుతుంది. లైవ్ కాలేదన్నారు కాబట్టి సొంత యూజర్ మోడల్ ఇప్పుడే పెట్టేయండి. డేటా చేరాక మార్చడం నరకం. అక్షరాల గొడవ కూడా ఉంది. జాంగో చిన్నక్షరాల్లోకి మార్చేది అడ్రస్‌లో డొమైన్ భాగాన్నే, ముందు భాగంలో పెద్దక్షరం ఉంటే అలాగే వదిలేస్తుంది. ఒకే అడ్రస్ రెండోసారి రానివ్వని యూనిక్ కన్‌స్ట్రెయింట్‌ని చిన్నక్షరాల మీద పెట్టండి, జాంగో వెర్షన్ 4.0 నుంచి అది మోడల్‌లోనే రాయొచ్చు. ఫోన్ లేనివాళ్లకి ఆ గడిలో నల్ (విలువే లేదనే గుర్తు) పెట్టండి, ఖాళీ స్ట్రింగ్ కాదు. నల్‌లు ఎన్నున్నా పోస్ట్‌గ్రెస్ ఊరుకుంటుంది, ఖాళీ స్ట్రింగ్ రెండోసారి వస్తే యూనిక్ ఎర్రర్ కొడుతుంది. నంబర్లన్నీ +91 తో ఒకే తీరులో దాచండి.

పాస్‌వర్డ్ తప్పుగా ఎన్నిసార్లు కొట్టినా జాంగో తనంతట తాను ఆపదు. తప్పులు లెక్కపెట్టి లాక్ వేసే జాంగో యాక్సీస్ (django-axes) అనే ప్యాకేజీ వాడితే దాని బ్యాకెండ్ లిస్టులో మొదట ఉండాలి. లాక్ పడినప్పుడు అది పర్మిషన్ డినైడ్ విసురుతుంది, అప్పుడు మిగతా బ్యాకెండ్లని జాంగో అడగదు. ఆరంకెల ఓటీపీ అంటే పది లక్షల అవకాశాలే. తప్పు కొట్టడానికి, కొత్తది అడగడానికి రెండింటికీ లిమిట్ పెట్టకపోతే మొదటిదానితో ఓటీపీ పగులుతుంది, రెండోదానితో ఎస్ఎమ్ఎస్ బిల్లు పేలుతుంది.

లిస్టులోంచి ఒక బ్యాకెండ్ తీసేసినా, దాని పేరు మార్చినా, దాని ద్వారా లాగిన్ అయి ఉన్నవాళ్లంతా బయటికి పోతారు. ఎవరు ఏ బ్యాకెండ్ మీద వచ్చారో సెషన్‌లో రాసి ఉంటుంది మరి. పట్టపగలు డిప్లాయ్ చేసి తర్వాత టెన్షన్ పడకండి.

ఎంవీపీ డబుల్ రోడ్

కోడర్ గారి లిస్టుకి ఒకటి జోడిస్తాను, ఎందుకంటే ఇది ఎర్రర్ లాగ్‌లో కూడా కనిపించదు. గూగుల్‌తోనో ఓటీపీతోనో చేరినవాళ్లకి పాస్‌వర్డ్ ఉండదు, అన్‌యూజబుల్ అని గుర్తు పెడతాం. అలాంటి మనిషి "పాస్‌వర్డ్ మర్చిపోయారా" నొక్కితే, జాంగో రీసెట్ ఫారం అలాంటి అకౌంట్లని పక్కన పెట్టేసి మెయిల్ పంపదు. స్క్రీన్ మీద మాత్రం మెయిల్ పంపామనే వస్తుంది. ఆయన స్పామ్ ఫోల్డర్ అంతా వెతికి, మన మెయిల్ సర్వర్ చెడిందనుకుంటాడు. అకౌంట్ ఉందో లేదో బయటివాళ్లకి తెలియకుండా ఆ స్క్రీన్ అలా ఉంచడం సబబే. మీరు చేయాల్సింది, అలాంటివాళ్లకి "మీరు గూగుల్‌తో చేరారు, అలాగే రండి" అని వేరే మెయిల్ వెళ్లేలా ఆ ఫారాన్ని కాస్త మార్చుకోవడం. నా లెక్కలో రుషికొండ వారు చెప్పే సపోర్ట్ కాల్స్‌లో చాలా భాగం దీనితోనే తగ్గుతాయి, అకౌంట్లు కలపకుండానే.

గాజువాక కుర్రోడు

సరే, ఓటీపీ ఒక్కటే అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఓడ మీదవాళ్లకి ఎస్ఎమ్ఎస్ బదులు ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ పెట్టొచ్చుగా? దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు.

సిరిపురం జంక్షన్

పెట్టొచ్చు, మంచి ఆలోచన. 30 సెకన్లకొకసారి మారే ఆ కోడ్‌కి కావాల్సింది గడియారం ఒక్కటే. ఓడ వాళ్లతో చిన్న చిక్కుంది. తూర్పుకో పడమరకో పోతుంటే ఓడలో టైమ్ గంట ముందుకో వెనక్కో జరుపుతారు. ఫోన్‌లో టైమ్ జోన్ మార్చితే ఇబ్బంది లేదు, కోడ్ లెక్క ప్రపంచమంతా ఒకటే ఉండే యూటీసీ టైమ్ మీద నడుస్తుంది. నెట్‌వర్క్ లేదు కదా అని ముల్లు చేత్తో జరిపితే మాత్రం ఆ గంట తేడా కోడ్‌లోకి వచ్చేసి, సర్వర్ తప్పంటుంది. సహాయం పేజీలో ఈ ఒక్క వాక్యం రాయండి. యాప్ పనిచేయనప్పుడు వాడే రికవరీ కోడ్లు కాగితం మీద ప్రింట్ తీసుకోమనీ చెప్పండి.

థర్డ్ ఇంజనీర్

చేత్తోనే జరుపుతాం మేడం. అందుకేనా ఇంకో సైట్‌లో నాకు ఎప్పుడూ తప్పు కోడ్ అని వచ్చేది!

సాగర్‌నగర్ డెవ్

అందరికీ థ్యాంక్స్. లీడ్‌తో కూర్చున్నాను. ఇలా అనుకున్నాం. జీమెయిల్ గానీ సంస్థ డొమైన్ గానీ అయ్యి, మా వైపు కూడా ఆ ఈమెయిల్ వెరిఫై అయి ఉంటేనే అడక్కుండా కలుపుతాం, కలిపామని మెయిల్ పంపుతాం. మిగతావాళ్లకి "ఈ ఈమెయిల్‌తో ముందే అకౌంట్ ఉంది, ఒక్కసారి పాత పద్ధతిలో లాగిన్ అవ్వండి, లింక్ చేస్తాం" అని చూపిస్తాం. వెరిఫై కాని రికార్డులు కొన్ని రోజుల్లో వాటంతట అవే చెరిగిపోతాయి. స్టాఫ్‌కి గూగుల్ మాత్రమే, అదీ హెచ్‌డీ ఫీల్డ్ సంస్థ డొమైన్ అయితేనే. నంబరు మార్చాలంటే ఓటీపీ ఒక్కటే సరిపోదు, పాస్‌వర్డో గూగులో కూడా కావాలి.

రుషికొండ హిల్ టూ

పాత పద్ధతి మర్చిపోయినవాడి సంగతేంటి? నంబరూ పోయి, రెడిఫ్ పాస్‌వర్డూ పోయినవాడు? వాడు మళ్లీ ఫ్రంట్ ఆఫీసుకే ఫోన్ చేస్తాడు. మీ రూల్ బాగుంది గానీ, చేత్తో కలిపే స్క్రీన్ ఎవరు రాస్తున్నారో చెప్పలేదు.

సాగర్‌నగర్ డెవ్

అదీ రాస్తున్నాం. సీడీసీ నంబరు, పుట్టినతేదీ ఆఫీసు రికార్డుతో సరిపోవాలి, వీడియో కాల్‌లో మనిషిని చూడాలి, ఇద్దరు స్టాఫ్ ఓకే చేయాలి, ఎవరు ఎప్పుడు చేశారో లాగ్‌లో పడాలి. డెవలపర్లకి అడ్మిన్‌లో ఆ బటన్ ఉండదు.

రుషికొండ హిల్ టూ

శనివారం రాత్రి ఎనిమిదింటికి ఆ రెండో స్టాఫ్ ఎక్కడుంటారో కూడా కనుక్కోండి. ఉంటారంటే నాకిక అభ్యంతరం లేదు.