సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో ఉచిత ఇంటర్‌ప్రెటర్ వద్దనొచ్చా?

ప్రశ్న:
అమ్మకి 66 ఏళ్లు, గ్రీన్ కార్డు మీద అమెరికా వచ్చి ఆరేళ్లయింది. మెడికేర్‌ (65 దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కోసం మంగళవారం అపాయింట్‌మెంట్ ఉంది. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా పెడతామన్నారు. అమ్మేమో "నువ్వుండగా ఇంకెవరో ఎందుకు?" అంటోంది. వద్దంటే అప్లికేషన్‌కి ఇబ్బందా?

జవాబు 1:
ఇబ్బందేం లేదు. ఇంట్లోవాళ్లు చెప్పొచ్చు. కాకపోతే రెండు భాషలూ బాగా వచ్చా, ఉన్నదున్నట్టు చెప్తున్నారా అని ఆఫీసువాళ్లు చూస్తారు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ సంగతి వేరు. ఇంగ్లిష్ పరీక్ష నుంచి మినహాయింపు ఉన్నవాళ్లు ఇంటర్‌ప్రెటర్‌ని తామే తీసుకెళ్లాలి.

జవాబు 2:
నాన్న విషయంలో నేను వద్దన్నాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇండియాలో ఎన్నాళ్లున్నారని అడిగితే, నాన్న వైపు తిరక్కుండానే "రెండు నెలలు" అనేశాను. పాస్‌పోర్టులో స్టాంపులు చూస్తే ఐదు నెలలు! నాన్నమ్మ సంవత్సరికం అయ్యేదాకా ఆయన ఊళ్లోనే ఉండిపోయారు. నాకా సంగతి గుర్తే లేదు. నాన్న కళ్లజోడు తుడుచుకుంటూ, మేమేం మాట్లాడుకుంటున్నామో తెలియక కూర్చున్నారు. తప్పు చెబితే నేరమని రాసున్న కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయన!

రెండోసారి ఇంటర్‌ప్రెటర్‌ని అడిగాం. ఫోన్ స్పీకర్‌లో ఒకావిడ "ఎప్పుడు వెళ్లారండీ?" అనగానే నాన్న నిటారుగా కూర్చుని, "మా అమ్మ పోయిందమ్మా" అని మొదలుపెట్టి తేదీలతో సహా చెప్పారు. నేను పక్కన కాగితాలు అందించానంతే.

మీ అమ్మగారు మొహమాటానికి వద్దంటున్నారేమో, నిదానంగా అడగండి. ఇంటర్‌ప్రెటర్ యాస అర్థం కాకపోతే వెంటనే చెప్పి ఇంకొకరిని అడగండి. అర్థమైనట్టు తలూపడం మాత్రం వద్దు.

జవాబు 3:
ఇంకో మాట. భాషా సాయం గురించి 2000లో క్లింటన్ ఇచ్చిన ఆదేశాన్ని 2025 మార్చిలో రద్దు చేశారు. సేవలు ఆపేయమనలేదు, నిర్ణయం ఆయా శాఖలకే వదిలారు. కాబట్టి ఏ ఆఫీసుకైనా వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. మీకు వాళ్లే ఇస్తామన్నారుగా, వదులుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి అమ్మని అడిగాను. "వాళ్ల ముందు తడబడితే నవ్వుతారేమోరా" అంది. అసలు భయం అదన్నమాట. నేనూ పక్కనే ఉంటానంటే ఒప్పుకుంది. పొద్దున్నే ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పాను. ఇప్పుడు పాస్‌పోర్టు ముందు పెట్టుకుని ప్రయాణాల తేదీలు అమ్మతోనే రాయిస్తున్నాను.