నార్త్‌వెస్ట్ టెరిటరీస్ బడ్జెట్: ప్రతిపక్షమే లేని సభలో ఎమ్మెల్యే లెక్క అడిగేదెలా?

గోదారిగట్టు:
కెనడా ఉత్తరాన ఉన్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్ సభలో 19 మంది ఎమ్మెల్యేలు. పార్టీల్లేవు, ముఖ్యమంత్రి లాంటి ప్రీమియర్‌నీ మంత్రుల్నీ సభ్యులే ఎన్నుకుంటారు. మరి ఖర్చు మీద నిలదీసేదెవరు? రాజధాని యెల్లోనైఫ్ నుంచి వచ్చే ప్రసారం చూస్తే ఎమ్మెల్యే గట్టిగా అడుగుతారు, మంత్రి "వివరాలు తెప్పించి చెప్తాను" అంటారు, అంతటితో సరి. అసలు పట్టు దొరికేది ఎక్కడ? మెయిన్ ఎస్టిమేట్స్ (ఏడాది ఖర్చుల అంచనా) పుస్తకంలో ఒక్కో పద్దుకు నాలుగేసి అంకెలున్నాయి, దేన్ని దేనితో పోల్చాలి? మన అసెంబ్లీలో కోత తీర్మానం లాంటిది అక్కడ ఉందా?

పద్దులపుస్తకం:
ముందు తలలు లెక్కపెట్టండి. ప్రీమియర్‌తో కలిపి కేబినెట్ 7 మంది, స్పీకర్ ఒకరు, మిగతా 11 మంది మామూలు సభ్యులు. అంటే ప్రభుత్వానికి ఎప్పుడూ మైనారిటీయే. వినడానికి బాగానే ఉంటుంది గానీ, కేబినెట్ ఏడుగురూ ఒక్క మాట మీద ఓటేస్తారు, అటు పదకొండు మందీ ఎవరి దారి వారిది. ఇద్దరు కేబినెట్ వైపు ఒరిగితే 9-9, స్పీకర్ ఓటు దాకా వస్తుంది. ముగ్గురు ఒరిగితే బడ్జెట్ పాసైపోతుంది. కాబట్టి ఎమ్మెల్యేకు ప్రసంగం కంటే ముందు కావలసింది, తనతో కడదాకా నిలిచే తొమ్మిది మంది.

ఇక క్యాలెండర్. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలు. రోడ్లు, భవనాల పద్దు మామూలుగా శరదృతువులోనే వస్తుంది, నిర్వహణ ఖర్చుల పద్దు ఫిబ్రవరిలో. 2023లో కార్చిచ్చుల వల్ల ఎన్నిక అక్టోబర్ 3 నుంచి నవంబర్ 14కి వాయిదా పడింది కాబట్టి, 2024లో ముందు ఓటాన్ అకౌంట్ లాంటి తాత్కాలిక కేటాయింపు పెట్టి, పూర్తి బడ్జెట్ మేలో తెచ్చారు. ముసాయిదా సభకు రాకముందే స్టాండింగ్ కమిటీల దగ్గరకు గోప్యంగా వెళ్తుంది. బేరం చాలావరకు తెగేది అక్కడే. టీవీలో మీరు చూసేది మిగిలిన తగాదా.

ప్రశ్నల సమయంలో ఒక ప్రశ్న, దానికి మూడు అనుబంధాలు. మంత్రి నోటీసుగా తీసుకుంటానన్నారంటే, అంటే జవాబు తర్వాత ఇస్తానంటే, ఆ మూడూ పోయినట్టే. అందుకే అంకెను నోటితో అడగడం దండగ. "ఏజెన్సీ నర్సులకు (బయటి సంస్థల ద్వారా తెచ్చుకునేవారికి) ఎంత చెల్లించారు, ఏ ఊళ్లో, ఏ నెలలో" అన్నది రాతపూర్వక ప్రశ్నగా వేయాలి. జవాబొచ్చాక, "ఇంత ఖర్చవుతుంటే సొంత సిబ్బందిని నిలబెట్టుకునే పద్దు ఎందుకు పెంచలేదు" అని సభలో అడగాలి. అది నిర్ణయం గురించిన ప్రశ్న, వివరాలు తెప్పిస్తానంటే చెల్లదు.

సభంతా కమిటీగా కూర్చున్నప్పుడు మంత్రి పక్కన డిప్యూటీ మంత్రి (మన శాఖ కార్యదర్శి లాంటి అధికారి), ఆర్థిక విభాగం అధికారి సాక్షులుగా ఉంటారు. వివరాలు తెలిసినవాళ్లు ఎదురుగానే ఉన్నారు కాబట్టి చిన్న ప్రశ్నలు, పేజీ నంబరుతో, వెంటవెంటనే వేయాలి. ఉపన్యాసంతో మొదలుపెట్టిన సభ్యుడికి సమయమంతా అందులోనే కరిగిపోతుంది.

నాలుగు అంకెల సంగతి: ఈ ఏడాది ప్రతిపాదన, నిరుటి సవరించిన అంచనా, నిరుటి అసలు అంచనా, ముందటేడు నిజంగా అయిన ఖర్చు. మంత్రి ప్రతిపాదనను సవరించిన అంచనాతో పోల్చి "పెంపు కొంచెమే" అంటారు. మీరు నిరుటి అసలు అంచనాతోనూ పోల్చండి. నిరుటి సవరించిన అంచనాకూ అసలు అంచనాకూ మధ్య తేడా ఏడాది మధ్యలో చేరిన డబ్బు. ముందటేటి ఖర్చు ప్రతిపాదన కంటే ఎక్కువగా ఉంటే, తెలిసే తక్కువ చూపిస్తున్నారా అని అడగొచ్చు. అడవి మంటల పద్దు దీనికి పాత ఉదాహరణ. 2014లో సుమారు 75 లక్షల డాలర్లు పెట్టుకున్నారు, ఖర్చు 5 కోట్లు దాటింది.

ఉత్తరదిక్కు:
పై సమాధానానికి కొన్ని చేర్పులు. అంకెల్లో కాలు జారేది ఎక్కువగా వీటి దగ్గరే.

శాఖ మొత్తంలో తరుగుదల (ఆస్తి విలువలో ఏటా ఖర్చుగా రాసే భాగం) కూడా కలిసి ఉంటుంది. ఇనువిక్–టక్టోయాక్టక్ రోడ్డు సుమారు 30 కోట్ల డాలర్లతో కట్టి 2017 నవంబర్‌లో తెరిచారు, అందులో 20 కోట్లు ఒట్టావావి, అంటే కెనడా కేంద్ర ప్రభుత్వానివి. అలాంటి ఆస్తి పుస్తకాల్లోకి ఎక్కగానే శాఖ ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది, చేతి నుంచి ఒక్క డాలరు పోకపోయినా. "ఖర్చు పెంచేశారు" అని విరుచుకుపడి, అది తరుగుదల అని తేలితే మిగతా ప్రశ్నల పరువూ పోతుంది. తరుగుదల తీసేశాకే పోల్చాలి.

పోస్టుల పట్టికలో ఉన్నవి మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి కావు. ఖాళీ పోస్టు జీతం ఓవర్‌టైముకో కాంట్రాక్టుకో పోయిందేమో విడిగా అడిగితేనే తెలుస్తుంది.

"ఇతరుల తరఫున చేసిన పని" అనే పేజీని ఎవరూ పట్టించుకోరు. ఒట్టావా ఒప్పందాల కింద వచ్చే డబ్బుతో చేసే పనులు అందులో ఉంటాయి. అది సమాచారం కోసమే, దాని మీద ఓటింగ్ ఉండదు. ఆ ఒప్పందం గడువు తీరాక అదే పని, అదే సిబ్బంది మామూలు పద్దులోకి దిగుతారు. కాబట్టి ఏ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో ముందే అడగాలి.

ఆరోగ్య శాఖది మరో చిక్కు. సింహభాగం ఆరోగ్య సంస్థకు ఒకే గంపగుత్త మొత్తంగా పోతుంది. ఆ సంస్థ లోటు శాఖ పేజీలో కనిపించదు, పబ్లిక్ అకౌంట్స్ (ఏడాది ముగిశాక వచ్చే ప్రభుత్వ జమాఖర్చుల లెక్కలు) తెరవాలి. వాటిని ఆడిట్ చేసేది కెనడా ఆడిటర్ జనరల్.

కట్టడాల పద్దులో కొత్త ప్రాజెక్టుల జాబితా కంటే మిగులు బదిలీ పెద్ద విషయం. నిరుడు ఖర్చుకాని డబ్బు అనుబంధ పద్దుగా, అంటే బడ్జెట్ తర్వాత అదనంగా తెచ్చే పద్దుగా, మళ్లీ వస్తుంది. ఒకే స్కూలు మరమ్మతు మూడేళ్లు వరసగా ప్రకటనల్లోకి ఎక్కడం అలాగే.

గోదారిగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలు. కోత తీర్మానం సంగతి మిగిలింది. ఇంకోటి, "అప్పు పరిమితి ఒప్పుకోదు" అని మంత్రి అంటే ఏం అడగాలి?

పద్దులపుస్తకం:
కోత ఉంది. ఫలానా పేజీలో ఫలానా కార్యకలాపం నుంచి ఇన్ని డాలర్లు తీసేయాలని కమిటీలో తీర్మానం పెట్టొచ్చు, నెగ్గితే నిజంగానే పోతాయి. పెంచే హక్కు మాత్రం లేదు, డబ్బు పద్దుకు కమిషనర్ (మన గవర్నర్ లాంటివారు) సిఫారసు కావాలి, అది కేబినెట్ ద్వారానే వస్తుంది. అందుకే తమ ఊరి క్లినిక్‌కు డబ్బు కావలసిన ఎమ్మెల్యే మంత్రికి ఇష్టమైన పద్దును కోస్తానని బెదిరించాల్సి వస్తుంది! లేదా ఆ శాఖ పద్దును వాయిదా వేయించి బేరానికి కూర్చోవాలి. కుదిరిన మొత్తం తర్వాత అనుబంధ పద్దుగా వస్తుంది. "ప్రభుత్వం ఫలానాది చేయాలని సిఫారసు" అన్న తీర్మానానికి 120 రోజుల్లో జవాబు అడగొచ్చు, కానీ అది ప్రభుత్వాన్ని కట్టిపడేయదు.

అప్పు పరిమితి పెట్టేది ఒట్టావా. 2020లో దాన్ని 130 కోట్ల నుంచి 180 కోట్ల డాలర్లకు పెంచారు. ప్రభుత్వ విద్యుత్ సంస్థ పవర్ కార్పొరేషన్ అప్పూ అందులోనే లెక్క. కాబట్టి పరిమితి మాట వచ్చిందంటే, అందులో ప్రభుత్వ సొంత స్వల్పకాలిక అప్పు ఎంత, కార్పొరేషన్‌ది ఎంత అని విడదీసి అడగాలి. తర్వాత ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న ఆర్థిక బాధ్యత విధానం: కట్టడాల ఖర్చులో కనీసం సగం నిర్వహణ మిగులు (నిర్వహణ ఖర్చులు పోగా మిగిలిన ఆదాయం) నుంచి రావాలి, అప్పు చెల్లింపులు ఆదాయంలో 5 శాతం దాటకూడదు. ఈ ఏడాది ఆ రెండూ నిలబడ్డాయా?

ఉత్తరదిక్కు:
ఆదాయం వైపు కూడా ఒక్క మాట. సగం కంటే చాలా ఎక్కువ ఒట్టావా ఒక లెక్కసూత్రం ప్రకారం ఇచ్చే ఫార్ములా నిధే. అందులో జనాభా పెరుగుదలకు బరువుంది కాబట్టి, జనాభా సుమారు 45 వేలే ఉన్న చోట జనగణనలో కొన్ని వందల మంది తప్పినా దెబ్బే. సొంత ఆదాయ సామర్థ్యంలో 70 శాతాన్నే లెక్కించి నిధిలో కోస్తారు. అంటే గని మూతపడితే పోయిన ఆదాయమంతా ఒట్టావా పూడ్చేస్తుందనుకోవడం తప్పు. డయావిక్ వజ్రాల గని మూత గురించి ఆర్థిక మంత్రిని అడిగేటప్పుడు ఈ మిగతా 30 శాతం లెక్కే అడగాలి.

వెతకడానికి హన్సార్డ్ (సభా కార్యకలాపాల రికార్డు) చాలు. రాతపూర్వక ప్రశ్నల జవాబులు "రిటర్న్స్" శీర్షిక కింద ఉంటాయి, మౌఖిక ప్రశ్నకు తర్వాత ఇచ్చిన జవాబులూ అక్కడే దొరుకుతాయి.