1922 జర్మన్ టైటిల్‌ని హాంబర్గ్ ఎందుకు వద్దనుకుంది?

నాకౌట్ పద్ధతిలో జరిగిన పాత జర్మన్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ విజేతల పట్టిక రాస్తూ 1922 దగ్గర ఆగిపోయాను. జూన్ 18న బెర్లిన్‌లో హాంబర్గ్, న్యూరెంబర్గ్ 189 నిమిషాలు ఆడినా 2-2. చీకటి పడి ఆపేశారు. ఆగస్టు 6న లైప్‌జిగ్‌లో మళ్లీ ఆడితే 1-1. అప్పుడు సబ్‌స్టిట్యూట్లు లేరు కదా, ఇద్దరిని రిఫరీ బయటికి పంపేసి, ఇంకో ఇద్దరు ఆడలేని స్థితికి వచ్చేసరికి న్యూరెంబర్గ్‌కి మిగిలింది ఏడుగురే, పాపం! ఆట అక్కడితో ఆగింది. తర్వాత టైటిల్ హాంబర్గ్‌కే ఇచ్చారు, చివరికి వాళ్లు వదులుకున్నారు.

రెండు పట్టికలు చూశాను. ఒకదాంట్లో హాంబర్గ్ పేరుంది, ఇంకోదాంట్లో ఖాళీ. క్లబ్ మొత్తం టైటిళ్లు లెక్కేస్తే, 1922 తీసేస్తేనే ఆరు సరిపోతున్నాయి. కాబట్టి గడి ఖాళీగానే ఉంచాను. పక్కన కారణం రాయాలి.

హాంబర్గ్ తనంతట తానే వదులుకుందా, లేక జర్మన్ ఫుట్‌బాల్ సంఘం ఒత్తిడి చేసిందా?