కారు లైసెన్సుతో ఏడున్నర టన్నుల బండి నడపనివ్వడం సబబేనా?

కొత్తస్టీరింగ్: నాది మామూలు కారు లైసెన్సు, ఎల్‌ఎంవీ. మా బావ డీసీఎం, అదే చిన్న లారీ, కొన్నాడు. ఆర్సీలో గ్రాస్ వెయిట్ 7,200 కేజీలు అని ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా, నువ్వే నడపొచ్చు అంటున్నాడు. నిజమేనా? నాకైతే టెన్షన్‌గా ఉంది.

నాలుగుచక్రాలు: నిజమే. 7,500 దాటకపోతే చాలు. అయిపోయింది.

పాతలారీ: ఏం అయిపోయింది తమ్ముడూ? చిన్న కారులో ఎనిమిది వేసి చూపించి తెచ్చుకున్న లైసెన్సు అది. లోడు బండి మలుపు తిప్పితే వెనక చక్రం లోపలికి కోసుకుపోతుంది. క్యాబిన్ అద్దంలోంచి వెనక ఏమీ కనబడదు. లోడుతో బ్రేకు వేస్తే ఎక్కడ ఆగుతుందో కారు నడిపినవాడికి తెలియదు. నేను నాలుగేళ్లు క్లీనరుగా తిరిగాకే స్టీరింగ్ పట్టుకున్నాను.

నాలుగుచక్రాలు: అది మీ అనుభవం అన్నా, చట్టం కాదు. కారు లైసెన్సు వాళ్ల వల్లే ప్రమాదాలు పెరిగాయని చూపే లెక్కలేవీ తమ ముందు పెట్టలేదని కోర్టే అన్నది.

తూకంరాయుడు: ఒక్క నిమిషం. 7,500 అంటే ఖాళీ బరువా, లోడుతోనా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(21) చదవండి. సరుకు బండికి గ్రాస్ వెయిట్, అంటే లోడుతో కలిపి. కారుకీ, ట్రాక్టరుకీ, రోడ్ రోలరుకీ ఖాళీ బరువు. అందరూ కలిపేస్తున్నారు.

పాతలారీ: కాగితం మీద గ్రాస్ వెయిట్ సరే. లోడు ఎక్కించేటప్పుడు ఆ అంకె ఎవడు చూస్తాడు? ఇంకో సంగతి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్, డాక్టరు సర్టిఫికెట్ కూడా కావాలి. ముప్పై నిండని వాడు కారు లైసెన్సు తీసుకుంటే నలభై దాకా అడిగేవాడు లేడు. చూపు మందగించినా అదే బండి, అదే లోడు.

తూకంరాయుడు: రోడ్ రోలరు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఓనరమ్మ: లైసెన్సు మీద ఒక ముక్క లేకపోతే ఏమవుతుందో నన్నడగండి. సుప్రీంకోర్టు ఇదే మాట 2017లోనూ చెప్పింది, ఆ తీర్పుకి ముందు సంగతి. మా ట్రాలీ బండి ఒకాయనకి తగిలింది. డ్రైవరుకి ఎల్‌ఎంవీ ఉంది, ట్రాన్స్‌పోర్ట్ అని రాసి లేదు. బీమా కంపెనీ ఆయనకి పరిహారం కట్టి, ఆ డబ్బంతా మా దగ్గర వసూలు చేసింది. పుస్తెలతాడు తాకట్టు పెట్టాను. బండి బరువు రెండు టన్నులు కూడా లేదు!

పాతలారీ: అయ్యో పాపమే. కానీ మీకు డబ్బు పోయిందని రోడ్డు మీదవాళ్ల ప్రాణాలు పణం పెట్టాలా?

ఓనరమ్మ: ప్రాణాలంటూ మాట్లాడకండి. మా డ్రైవరు తప్పు లేదని ట్రిబ్యునలే రాసింది. అవతలాయనే అడ్డం వచ్చాడు.

నాలుగుచక్రాలు: తప్పు లేకపోతే మరి పరిహారం ఎందుకు వేశారండీ?

ఓనరమ్మ: సగం తప్పు అన్నారు. అది వేరే విషయం.

పాతలారీ: హహ. సగమట.

ఓనరమ్మ: నవ్వకండి. హెవీ లైసెన్సున్న డ్రైవర్లు ఎంత అడుగుతున్నారో తెలుసా? చిన్న బండికి కూడా లారీ జీతమే. మేమేం తినాలి?

పాతలారీ: అదీ, ఇప్పుడొచ్చింది అసలు మాట! భద్రత కాదు, బీమా కాదు, జీతం. మా ఓనరు కూడా ఇదే చేశాడు. పదకొండేళ్లు నడిపిన నన్ను దించేసి కారు లైసెన్సు కుర్రాణ్ని సగం జీతానికి ఎక్కించాడు. అడిగితే తీర్పు చూపించాడు.

నాలుగుచక్రాలు: అంటే ఇంతసేపూ వెనక చక్రం గురించి కాదన్నమాట.

పాతలారీ: వెనక చక్రం గురించి కూడా. రెండూ నిజమే. ఆ కుర్రాడు మొదటి నెలలోనే గేటు స్తంభం పడగొట్టాడు.

అడ్మిన్: కొంచెం నెమ్మది. వ్యక్తిగతంగా వద్దు.

కొత్తస్టీరింగ్: అందరికీ థ్యాంక్స్. అన్నట్టు చెప్పడం మర్చిపోయాను, బావ మాట్లాడుకున్న లోడు గ్యాస్ సిలిండర్లు. ఏం ఫరవాలేదు కదా?

పాతలారీ: ఈ ముక్క మొదట చెప్పాలి కదయ్యా! ప్రమాదకరమైన సరుకుకి ఆ తీర్పులో సడలింపు లేదు. దానికి విడిగా ట్రైనింగు, లైసెన్సు మీద విడిగా ఎంట్రీ ఉండాలి. బండి తాళం బావకి ఇచ్చెయ్.

నాలుగుచక్రాలు: ఇది మాత్రం పాతలారీ అన్న చెప్పిందే కరెక్ట్.